సంక్రాంతికి ఇంటినిండా చుట్టాలు, అందులో షుగర్ వాళ్ళు: మా ఇంట్లో కుదిరిన పద్ధతి

సంక్రాంతికి ఇరవై మంది వస్తున్నారు, నాన్నగారికి షుగర్, అత్తయ్యగారికి బీపీ, అలాగని పిండివంటలు మానేస్తే పండగలా ఉండదు, ఏం చేయాలి అని అడిగారు కదా. మాదీ అచ్చం ఇదే పరిస్థితి. మా మామయ్యగారికి పన్నెండేళ్ళుగా షుగర్ ఉంది, పండక్కి ఆడపడుచులు, పిల్లలు అందరూ తెనాలి దగ్గర మా అత్తగారి ఊరొస్తే పద్దెనిమిది మందిమి అవుతాం.

మొదటి ఏడాది నేను చేసిన పొరపాటు మీరు చేయకండి. అరిసెల్లో బెల్లం సగానికి తగ్గించాను, పాకం చాలక నూనెలో వేయగానే విడిపోయాయి. పులిహోర మొత్తం కొర్రలతో చేశాను. ఎవరూ సరిగా తినలేదు. సాయంత్రం మామయ్యగారు పక్కింటికి వెళ్ళి నాలుగు అరిసెలు తినొచ్చారు, రాత్రి చూస్తే షుగర్ 310. ఆయన మీద కోపం రాలేదు, పండగపూట సొంతింట్లో ఆయనకి ఇష్టమైనది దొరకలేదే అని చాలా బాధేసింది.

తర్వాత కూర్చుని ఆలోచిస్తే అసలు ఇబ్బంది అరిసెతో కాదని అర్థమైంది. ఒక్క పూటలో విస్తట్లో అన్నం, పిండి ఎన్నిసార్లు పడుతున్నాయో మీరే చూడండి: పులిహోర, చక్కెర పొంగలి, బొబ్బట్టు, అరిసె, ఆపైన పప్పన్నం, పులుసన్నం, పెరుగన్నం, కూర మాత్రం ఒక మూలన చెంచాడు. అందుకని వంటలు మార్చడం మానేసి మూడు రోజులకీ పంచేశాను. భోగికి పులిహోర, బొబ్బట్లు, పండగ నాడు అరిసెలు, పొంగలి నైవేద్యానికి సరిపడా మాత్రమే, కనుమకి గారెలు. మూడు రోజుల్లో అందరికీ అన్నీ అందుతాయి, ఒకే రోజు అన్నీ పడవు.

అరిసెల్లో బెల్లం తగ్గించకండి, సైజు తగ్గించండి. మా అత్తగారు చేసే వాటిలో సగం సైజులో ఒత్తుతాను. మూకుట్లోంచి తీసిన వెంటనే, చల్లారకముందే, అరిసెల చెక్క మీద పెట్టి గట్టిగా నొక్కాలి. కారిన నూనె ఒకసారి గిన్నెలో పట్టి చూస్తే యాభై అరిసెలకి అరగ్లాసు వచ్చింది, అదంతా లేకపోతే మన కడుపులోకే కదా. ఇంకో మాట, పంచదార బదులు బెల్లం వేశాం కాబట్టి షుగర్ వాళ్ళు తినొచ్చు అని ఎవరైనా అంటే నమ్మొద్దు. షుగర్ పెంచడంలో రెండిటికీ పెద్ద తేడా లేదు. మామయ్యగారికి ఒక చిన్న అరిసె, అదీ భోజనం చివర్లో, ఆ పూట అన్నం ఒక గరిటె తగ్గించి ఇస్తాను.

ఇక కూరలు. సంక్రాంతి నాటికి చిక్కుడుకాయ, వంకాయ, గుమ్మడికాయ, చిలగడదుంప అన్నీ లేతగా, చవగ్గా దొరుకుతాయి, ఈ కాలంలో కూరగాయలు తక్కువ వండటం నిజంగా అన్యాయం. పెద్ద గిన్నెడు దప్పళం పెట్టండి, గుమ్మడికాయ, చిలగడదుంప ముక్కలు ఎలాగూ తియ్యగా ఉంటాయి కాబట్టి బెల్లం అక్కర్లేదు. వడ్డించేటప్పుడు ముందు కూర, పప్పు వేసి, అవి కాస్త తిన్నాక అన్నం పెడతాం. అలా తింటే షుగర్ ఒక్కసారిగా పైకి పోదని మా డాక్టరు గారు చెప్పారు, మామయ్యగారి మీటర్‌లో కూడా తేడా కనిపించింది. సాయంత్రం పిల్లలకి జంతికల డబ్బా బదులు ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు, కందికాయలు పళ్ళెంలో పోసి మధ్యలో పెడితే చాలు, ఒలుచుకుంటూ కబుర్లు చెప్పుకుంటూ పెద్దవాళ్ళు కూడా అక్కడే కూర్చుంటారు.

కనుమ నాడు మినుము తినాలంటారు కదా, గారె ఒక్కటే మినుము కాదు. పొద్దున టిఫిన్‌కి ఆవిరికుడుము చేయండి. మినప్పిండి గట్టిగా రుబ్బి, గిన్నెలో నీళ్ళు పోసి, మూతికి తడిగుడ్డ వాసెన కట్టి, దాని మీద పిండి పరిచి మూతపెట్టి ఉడికిస్తే దూదిలా పొంగుతుంది. నూనె చుక్క పడదు. అల్లం పచ్చడితో మా పిల్లలే ఇంకోటి అడుగుతారు. మధ్యాహ్నం నాటుకోడి పులుసుతో మనిషికి రెండు గారెలు చాలు. పిండిలో నీళ్ళు ఎక్కువైతే గారె నూనె పీల్చేస్తుంది, ఉప్పు ముందుగా కలిపినా పిండి నీరవుతుంది, అందుకే సరిగ్గా గారెలు నూనెలో వేసే ముందు కలపండి. మిగిలిన నూనె వడకట్టి ఒకటి రెండు రోజుల్లో పోపులకి వాడేయండి, మళ్ళీ మూకుట్లో పోసి కాచొద్దు.

ఇక మీ అత్తయ్యగారి బీపీకి కూర కంటే ఎక్కువ చెరుపు చేసేవి ఊరగాయ, అప్పడం, ఊరమిరపకాయలు. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక టీస్పూనే దాటకూడదంటారు, అది ఈ మూడిటితోనే సగం అయిపోతుంది. ఆ గిన్నెలు ఆవిడ కూర్చునే వైపు పెట్టకండి, అడిగితే ఒక్కటి ఇవ్వండి.

ఒకటి మర్చిపోయాను, ఇది చాలా ముఖ్యం. పండగ నాడు పూజ, నైవేద్యం అయ్యేసరికి మనకి రెండు దాటుతుంది. ఒక ఏడాది మామయ్యగారు పొద్దున మాత్ర వేసుకుని ఏమీ తినకుండా కూర్చున్నారు, పన్నెండున్నరకి చెమటలు పట్టి చేతులు వణికాయి, షుగర్ 58కి పడిపోయింది. వెంటనే పంచదార నీళ్ళు తాగిస్తే తేరుకున్నారు. అప్పటినుంచి ఎవరు ఉపవాసం ఉన్నా సరే, ఎనిమిదిన్నరకల్లా ఆయనకి రెండు పెసరట్లు వేసిచ్చాకే నేను నైవేద్యం పని మొదలుపెడతాను.