ముందు కోడలికి చెప్పు, తర్వాత ఈ పనులు చూడు

నాన్నా,

రాత్రి నీ ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. ఉద్యోగం పోయిందన్నావు, సరే, ఈ ఊళ్లో ఇప్పుడు ఏ అపార్ట్‌మెంట్‌లో అడిగినా ఒకరిద్దరు ఉన్నారు. కానీ తొమ్మిది రోజులుగా కోడలికి చెప్పకుండా పొద్దున్నే బ్యాగు తగిలించుకుని మెట్రోలో రాయదుర్గం దాకా వెళ్లొస్తున్నానన్నావు చూడు, అది మానెయ్ ముందు.

నేనూ అలాగే దాచాను కాబట్టి చెప్తున్నా. 2009లో మా కంపెనీలో పదకొండు మందిని గదిలోకి పిలిచి ఆ మాట చెప్పింది నేనే, హెచ్‌ఆర్ కదా, ఆ పై వారం అదే గదిలో నాకూ చెప్పారు. మీ బాబాయికి తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. నలభై రోజుల తర్వాత ఒక పెళ్లిలో పాత కొలీగ్ కనిపించి, "పేరోల్‌కి, జీతాల లెక్కలు చూసే మనిషి కోసం మా ఆఫీసులో నెలంతా వెతికాం మేడమ్, మొన్నే ఒకమ్మాయిని తీసుకున్నాం, మీరు ఆ కంపెనీలోనే బాగా ఉన్నారనుకున్నా" అంది. నా ప్లేట్లో పూర్ణం బూరె అలాగే ఉండిపోయింది.

కాబట్టి ఇంట్లో చెప్పాక, నీతో పనిచేసిన పది పదిహేను మందికి విడివిడిగా మెసేజ్ పెట్టు. స్టేటస్ పెట్టి ఊరుకుంటే ఎవరూ పట్టించుకోరు. ఏం పని చేశావు, ఎన్నేళ్లు, ఎప్పుడు చేరగలవు, ఈ మూడూ ఉంటే చాలు. చాలామందికి తొంభై రోజుల నోటీసు ఉండే ఈ ఫీల్డులో వెంటనే చేరతాననేవాడికి గిరాకీ ఉంటుంది, నౌకరీ సైట్‌లో కూడా అదే ముందు రాయి.

ఇక కాగితాలు. "రిజైన్ చేసినట్టు మెయిల్ పెట్టండి, రికార్డు బాగుంటుంది" అన్నారన్నావు. ఆ మాట నేను ఎంతమందికి చెప్పానో నాకే తెలుసు! నోటీసు జీతం, లీవుల డబ్బు, గ్రాట్యుటీ (ఇన్నేళ్లు చేసిన సర్వీసుకి ఇచ్చే మొత్తం) ఎంతెంత, ఎప్పటికి ఇస్తారు అనేది రాతలో వచ్చేదాకా నువ్వేమీ పంపకు. గ్రాట్యుటీకి చివరి నెల బేసిక్ జీతాన్ని 26తో భాగించి, 15తోనూ సర్వీసు ఏళ్లతోనూ గుణించాలి. బేసిక్ 40 వేలు, ఆరేళ్లు అనుకుంటే లక్షా 38 వేల పైచిలుకు, చిన్న మొత్తమేం కాదు. లాగిన్ నెలాఖరు దాకా ఉంటుందన్నావుగా, పేస్లిప్పులూ, జీతంలో కోసిన పన్ను చూపించే ఫామ్ 16లూ ఇవాళే దింపుకో, తర్వాత ఒక్కో కాగితం కోసం పది మెయిళ్లు పెట్టాల్సి వస్తుంది.

పీఎఫ్ జోలికి వెళ్లకు. పెన్షన్ హక్కుకి పదేళ్ల సర్వీసు నిండాలి, పెన్షన్ డబ్బు కూడా లాగేస్తే ఇప్పటిదాకా చేసిన ఏళ్లు ఆ లెక్కలోంచి పోతాయి.

అసలు నా టెన్షన్ ఇన్సూరెన్స్ గురించి. మీ అమ్మానాన్నా నీ కంపెనీ పాలసీలోనే ఉన్నారు, కంపెనీ లెక్కలో నీ ఆఖరి రోజుతో మామూలుగా అది ఆగిపోతుంది. కొత్త పాలసీ తీసుకుంటే మీ అమ్మ షుగర్‌కి మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు, అంటే అప్పటిదాకా ఆ జబ్బు ఖర్చు ఇవ్వరు. అదే ఇన్సూరెన్స్ కంపెనీలో సొంత పాలసీకి మారితే ఇప్పటిదాకా గడిచిన కాలం కలుస్తుంది, కానీ ఆఖరి రోజుకి ముందే అడగాలి. ఇంటి ఈఎంఐ కూడా అంతే, ఒకటి బౌన్స్ అయ్యాక కాదు, ముందే బ్యాంకుకి వెళ్లి మాట్లాడు.

ఇంటర్వ్యూలో ఎందుకు మానేశావంటే "ప్రాజెక్టు మూసేశారు, టీమంతా బయటికొచ్చాం" అని ఒక్క ముక్కలో చెప్పి పని గురించి మాట్లాడు. మేనేజర్‌ని పది నిమిషాలు తిట్టినవాళ్లలో ఒక్కరినీ నేను తీసుకోలేదు, వాళ్లు చెప్పింది నిజమే అయ్యుండొచ్చు కూడా. డిపాజిట్ కడితే ఉద్యోగం అనే కన్సల్టెన్సీలకు రూపాయి కూడా ఇవ్వకు. లేని ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తామన్నా వద్దు, పీఎఫ్ సర్వీస్ హిస్టరీ చూస్తే రెండు నిమిషాల్లో బయటపడుతుంది.

ఆదివారం ఇద్దరూ భోజనానికి రండి, గుత్తివంకాయ చేస్తాను. ఆఫర్ లెటరూ చివరి మూడు పేస్లిప్పులూ పట్టుకురా, లెక్కలన్నీ కూర్చుని వేద్దాం. కోడలు ఈలోగా నాకు ఫోన్ చేస్తే నా నోరు ఆగదు, అందుకే ఈ రాత్రికే చెప్పేసెయ్.

మీ పిన్ని