మేకు ఖాళీగా ఉంది సారూ
(పాఠకుల ప్రశ్నలు – ఓ చిన్న ఊరి సర్జన్ జవాబులు)

నాగపూర్ రోడ్డు మీద ఓ చిన్న ఊళ్లో ముప్పై నాలుగేళ్లు ఇరవై పడకల ఆసుపత్రి నడిపి, 2014లో మూసేసి, హబ్సిగూడలో మా అమ్మాయి ఇంటికి చేరాను. పోయిన నెల ఈ పత్రికలో నా మీద వ్యాసం వచ్చింది. అందులో నన్ను ‘సేవామూర్తి’ అన్నారు. మా ఆవిడ చదివి, “ఈ మూర్తిగారు కరెంటు బిల్లు కట్టారో లేదో అడగండి” అంది. వ్యాసం చూసి చాలామంది ఉత్తరాలు రాశారు. ఐదింటికి ఈసారి జవాబులు.

*

ఉస్మానియాలో జనరల్ సర్జరీ పీజీ ఆఖరి ఏడాది చదువుతున్నాను. మాది మెదక్ జిల్లాలో ఓ మండల కేంద్రం. అక్కడికే పోయి ఆసుపత్రి పెడదామని ఉంది. తోటివాళ్లంతా సూపర్ స్పెషాలిటీ పరీక్షకు చదువుతూ నన్ను చూసి నవ్వుతున్నారు. వెళ్లేలోపు ఏమేం నేర్చుకోవాలి?
– ఆర్., కోఠి

నవ్వనీ బాబూ. 1980లో మా బ్యాచ్ వాళ్లు నన్ను చూసీ నవ్వారు. ఇప్పుడు మోకాళ్ల నొప్పులకు వాళ్లూ నేనూ ఒకే డాక్టరు దగ్గర లైన్లో కూర్చుంటున్నాం.

నీకు వచ్చిన సర్జరీ అక్కడ సగానికి కూడా చాలదు. నా మొదటి నెల చెబుతాను విను. అపెండిక్స్ వస్తుందని ఎదురుచూస్తూ కూర్చున్నాను. మోకు తెగి తాటిచెట్టు మీంచి పడ్డ గీత కార్మికుడు వచ్చాడు. బావి తవ్వుతుంటే తోటా పేలి చెయ్యి నుజ్జయిన కుర్రాడు వచ్చాడు. రెండు రోజులుగా నొప్పులు పడుతున్న తల్లిని ఎడ్లబండిలో తెచ్చారు, బిడ్డ అడ్డం తిరిగి ఉంది. ఈ ముగ్గురూ నా పుస్తకంలో లేరు. సిజేరియన్, ఎముకలకు పిండికట్టు, కాలిన చోట చర్మం అతకడం, ఛాతీలో గొట్టం వేయడం, ఇవన్నీ ఈ ఏడాదిలోనే చేత్తో చేసి నేర్చుకో. చూస్తే రావు. గైనిక్ వార్డులో రాత్రి డ్యూటీ అడిగి మరీ వేయించుకో. వాళ్లకూ సంతోషమే.

అన్నిటికన్నా ముందు మత్తు విభాగంలో రెండు నెలలు కూర్చో. అవసరమైతే టీ తెచ్చిపెట్టు. నాకు మొదటి పదిహేనేళ్లు మత్తు డాక్టరు లేడు. వెన్నులో సూది నేనే ఇచ్చి, చేతులు కడుక్కుని, కత్తి పట్టుకునేవాణ్ణి. పొట్ట పైభాగం అయితే కెటమిన్. ఊపిరిని అణచదు, బీపీని పడేయదు. చిన్న ఊళ్లకు దేవుడిచ్చిన మందు అది. ఇప్పుడు నువ్వు నాలా చేయకు. 1995లో సుప్రీంకోర్టు తీర్పుతో డాక్టర్లు వినియోగదారుల చట్టం కిందికి వచ్చారు. పక్క ఊళ్లో మత్తు డాక్టరు ఉంటే కారు పంపి పిలిపించు. అయినా నీకు రావాలి. ఆయన కారు మధ్యలో ఆగిపోయే రాత్రి ఒకటి వస్తుంది.

నువ్వు చదివే చోటు చరిత్ర నీకు తెలుసో లేదో. మత్తుకిచ్చే క్లోరోఫాం ప్రమాదకరమా కాదా అని తేల్చడానికి 1888, 1889లలో రెండు కమిషన్లు కూర్చున్నది మన హైదరాబాదులోనే. మీ ఉస్మానియా కాలేజీకి ముందున్న హైదరాబాదు మెడికల్ స్కూలు ప్రిన్సిపాల్ డాక్టర్ ఎడ్వర్డ్ లారీ కూర్చోబెట్టాడు. రెండోదానికి ఖర్చు నిజాం సర్కారుది, లండన్ నుంచి లాన్సెట్ అనే వైద్య పత్రిక డాక్టర్ లాడర్ బ్రంటన్‌ను పంపింది. నాడి సంగతి వదిలేయండి, ఊపిరి చూస్తే చాలు అన్నాడు లారీ. క్లోరోఫాంతో ఊపిరి కన్నా గుండె ముందు ఆగదన్న ఆయన మాట తప్పని తర్వాత తేలింది. కానీ ఊపిరి మీద కన్ను వేసి ఉంచమన్న సగం మాత్రం మానిటర్ లేని నా థియేటర్లో ఎన్నో రాత్రులు నన్ను కాపాడింది. రోగి పొట్ట మీద కప్పిన ఆకుపచ్చ గుడ్డ లేస్తోందా, పడుతోందా? అదే నా మానిటర్.

రక్తం సంగతి ఇంకో తలనొప్పి. మొదట్లో మా కాంపౌండరు దగ్గర ఓ నోటు పుస్తకం ఉండేది. ఊళ్లో ఎవరిది ఏ గ్రూపో అందులో ఉండేది: బస్సు కండక్టరు, మంగలి షాపతను, మసీదులో ముల్లా గారి కొడుకు. అర్ధరాత్రి తలుపు కొడితే లేచి వచ్చేవాళ్లు. తీసిన రక్తాన్ని రోగి రక్తంతో సరిచూసి, వేడి మీదే ఎక్కించేవాళ్లం. 1996లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 1998 జనవరి 1 నుంచి డబ్బుకు రక్తం అమ్ముకోవడం బంద్ అయింది, లైసెన్సు లేని బ్లడ్ బ్యాంకులకు తాళాలు పడ్డాయి. తీర్పు మంచిదే, ఆ రోజుల్లో జబ్బు రక్తం ఎక్కించిన చోట్లు నేనూ చూశాను. అయితే దాంతోపాటే మా నోటు పుస్తకం కూడా అటక ఎక్కింది. జిల్లా కేంద్రం నుంచి బస్సులో ఐసుపెట్టె వచ్చేదాకా తల్లి ఆగాలి. గ్రామీణ సర్జన్ల సంఘం వాళ్లు ఈ మాట ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. నువ్వు పెట్టబోయే ఊరికి రక్తం ఎన్ని గంటల్లో వస్తుందో ముందు కనుక్కో, స్థలం రేటు తర్వాత.

ఇక మనిషి. మంచి కాంపౌండరు దొరక్కపోతే వెళ్లొద్దు. మా అతను నాకన్నా ఆరేళ్లు పెద్ద, సాలెవాళ్ల బిడ్డ, పదో తరగతి ఫెయిలు. థియేటర్ గోడకు వరుసగా పది మేకులు కొట్టాడు. నేను వద్దన్నాను, సున్నం రాలుతుందని. వినలేదు. ఆపరేషన్‌కు పది గుడ్డలు లెక్కపెట్టి ఇచ్చేవాడు. నెత్తురు గుడ్డ కడుపులోంచి బయటికి వచ్చిందల్లా ఒక్కో మేకుకు తగిలించేవాడు. ఒక వానాకాలం, టైఫాయిడ్‌తో పేగుకు చిల్లు పడ్డ పిల్లవాడు. రాత్రి రెండు దాటింది, కరెంటు పోయి పెట్రోమాక్స్ కింద చేస్తున్నాం. కడుపు మూయబోతుంటే, “సారూ, మేకు ఖాళీగా ఉంది” అన్నాడు. నువ్వే లెక్క తప్పావు, దారం ఇవ్వు అన్నాను. ఇవ్వలేదు. చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. కసిరాను. కదల్లేదు. తిట్టుకుంటూ మళ్లీ చెయ్యి పెట్టి వెతికితే కాలేయం వెనక మెత్తగా తగిలింది. పదో మేకుకు తగిలించి, అప్పుడిచ్చాడు దారం. ఆ పిల్లవాడు ఇప్పుడు ఆర్టీసీ డ్రైవరు.

అలాంటివాణ్ణి వెతుక్కో. నువ్వు కసిరినా దారం ఇవ్వనివాణ్ణి.

*

మా అబ్బాయి ఎమ్మెస్ చేసి సొంత ఊరు పోతానంటున్నాడు. పెళ్లి సంబంధాల వాళ్లు ‘హైదరాబాదులో ఫ్లాట్ ఉందా’ అంటున్నారు. అక్కడ బతుకు గడుస్తుందా డాక్టరు గారూ?
– ఒక తల్లి, కూకట్‌పల్లి

గడుస్తుందమ్మా. ఆకలితో పోయిన సర్జన్ని నేను ఇంతవరకూ చూడలేదు. 1985లో వరిబీజం ఆపరేషన్‌కు నేను తీసుకున్నది మూడు వందలు. ఇవ్వలేనివాళ్లు సీతాఫలాలు, వడ్లు, ఒకసారి మేకపిల్ల. మేకపిల్లను మా ఆవిడ తిరిగి పంపించింది, అది రెండు రోజుల్లో మళ్లీ మా గేటు దగ్గరే ఉంది. బ్యాంకు అప్పు తీరడానికి పదకొండేళ్లు పట్టింది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పేదవాడికి పట్నంలో పెద్ద ఆపరేషన్ ఉచితంగా దొరికింది. చాలా మంచి పని, కాదనను. మాలాంటి చిన్న ఆసుపత్రులు మాత్రం వెలవెలబోయాయి. నేను అడ్డం చెప్పదగ్గ మనిషిని కాను గానీ, మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను: మీ అబ్బాయి లెక్క వేసేటప్పుడు ఇది కూడా వేసుకోవాలి.

డబ్బు కన్నా పెద్ద ఖర్చు ఒకటుంది. మా అమ్మాయిని ఆరో తరగతిలో హైదరాబాదు హాస్టల్‌కు పంపాం, మా ఊళ్లో మంచి బడి లేదని. పండక్కి వచ్చేది. వచ్చిన రోజే ఎవరో ఒకరు మందు తాగి వచ్చేవారు, పురుగుల మందు. రాత్రంతా దాని విరుగుడు అట్రోపిన్ ఎక్కిస్తూ అక్కడే ఉండేవాణ్ణి. పొద్దున ఇంటికి వచ్చేసరికి పిల్ల బస్సెక్కేది. ఇప్పుడు నేను ఆమె ఇంట్లో ఉంటున్నాను, ఆమె ఆఫీసు నుంచి రాత్రి తొమ్మిదింటికి వస్తుంది, నేను ఎదురుచూస్తూ కూర్చుంటాను. సంబంధాల వాళ్లకు ఫ్లాట్ గురించి కాదమ్మా, దీని గురించి చెప్పండి. అప్పుడు కూడా సరేనన్న పిల్ల దొరికితే వెంటనే ముహూర్తం పెట్టించండి.

*

ఊళ్లో మా నాన్నకు హెర్నియా. ఏదో పత్రికలో దోమతెర గుడ్డ పెట్టి కుడతారని చదివి భయపడుతున్నాడు. నిజమేనా?
– వి., నాచారం

నిజమే, భయపడాల్సింది లేదు. మహారాష్ట్రలో దొండాయిచా అనే చిన్న ఊరి సర్జన్ డాక్టర్ రవీంద్రనాథ్ టొంగాంవ్‌కర్ మొదలుపెట్టాడు. హెర్నియా చోట అతికే కంపెనీ మెష్ (జాలీ గుడ్డ) వేలల్లో ఉంటే, దోమతెర గుడ్డ ముక్క కొన్ని రూపాయలే. దాన్ని శుద్ధి చేసి వాడాడు. నవ్వినవాళ్లు నవ్వారు. ఉగాండాలో 302 మంది మీద రెండు రకాలూ పోల్చి చూసి 2016లో అచ్చువేశారు: ఏడాది తిరిగేసరికి ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. అయితే ఇది బజారులో దోమతెర కొని ఇచ్చే పని కాదు. సరైన గుడ్డ, సరైన శుద్ధి, తెలిసిన చెయ్యి కావాలి. మీ నాన్నకు ఏది పెట్టాలో సర్జన్ చూసుకుంటాడు. ఆలస్యం మాత్రం చేయకండి. ఎందుకో కింద చివరి జవాబు చదవండి.

*

రోజూ గోరువెచ్చని నీళ్లలో తేనె కలుపుకుని తాగితే పిత్తాశయంలో రాళ్లు కరుగుతాయా?
– ఎస్., నల్లకుంట

కరగవు. తేనె బావుంటుంది.

*

మీ మీద వచ్చిన వ్యాసంలో అన్నీ బతికినవాళ్ల కథలే. పోయినవాళ్ల సంగతి?
– రిటైర్డ్ హెడ్మాస్టరు, సైదాబాద్

నమస్కారం మాస్టారూ. ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారని తెలుసు.

1993, ఎండాకాలం. అరవై దాటిన ముసలాయన. హెర్నియా బిగుసుకుపోయి మూడో రోజు తెచ్చారు. పొట్ట ఉబ్బింది, నాలుక ఎండింది, గుండె కూడా బాగాలేదు. కొడుకుకు పాతికేళ్లు ఉంటాయి, బస్టాండు దగ్గర పంక్చర్ల షాపు. జీపు బయటే నిలబెట్టి ఉంది. “సారూ, అయ్యను పట్నం తీస్కపొమ్మంటవా?” అని అడిగాడు.

అప్పటికి 108 లేదు, అది 2005లో వచ్చింది. కానీ అది సాకు. జీపు ఉంది, డీజిల్ ఉంది, రెండున్నర గంటల్లో ఉస్మానియాలో ఉండేవాళ్లు. పది రోజుల ముందే నేను ఇలాంటిదే ఒకటి చేసి గెలిచాను. ఊళ్లో హోటల్లో, సెలూన్లో అదే మాట. ఆ పేరు నా తలకెక్కి ఉంది. “అవసరం లేదు, ఇక్కడే చేస్తా” అన్నాను. కాంపౌండరు నావైపు చూశాడు. ఏమీ అనలేదు. గుడ్డల విషయంలో నోరు విప్పేవాడు గానీ, ఇలాంటివాటిలో డాక్టరు చెప్పిందే అనుకునేవాడు అప్పట్లో.

పేగు నల్లబడి ఉంది. జానెడు ముక్క కోసి, రెండు కొసలు కలిపి కుట్టాను. రెండు రోజులు బాగున్నాడు. నాలుగో రోజు పొద్దున జ్వరం, పొట్ట గట్టిపడింది. కుట్టు ఊడింది. అప్పుడు పంపాను పట్నానికి, అదే జీపులో. తూప్రాన్ దాటకముందే పోయాడు. జీపు వెనక్కి తిరిగి వచ్చింది.

పట్నం పంపినా బతికేవాడని చెప్పలేను. మూడు రోజులు బిగిసిన పేగు, అంత వయసు, ఆ గుండె. తోటి సర్జన్లకు చెబితే అందరూ ఇదే అన్నారు, నన్ను ఓదార్చడానికి. కానీ వాళ్లెవరూ నేను ‘అవసరం లేదు’ అన్నప్పుడు నా గొంతు వినలేదు.

ఆ తర్వాత ఎవరినైనా ఉంచుకోవాలా, పంపాలా అని సందేహం వస్తే కాంపౌండరును పక్కకు పిలిచి అడిగేవాణ్ణి. మొదట్లో సిగ్గుపడి, “నాకేం తెలుసు సారూ” అనేవాడు. నీకు జబ్బు తెలియక్కర్లేదు, నేను తెలుసు కదా అన్నాను. మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు. ఒక్కోసారి “ఇయ్యాల వద్దు సారూ, పంపియ్యి” అనేవాడు. ఎందుకని అడిగేవాణ్ణి కాదు.

ఇక ఆ కొడుకు. నాకు పట్నంలోలా ఇంకో దారి లేదు మాస్టారూ. ఇంటికీ ఆసుపత్రికీ మధ్య ఉన్నది ఆ బస్టాండు రోడ్డే. నెల రోజులు స్కూటర్ పక్క గల్లీలోంచి తిప్పి తీసుకెళ్లాను. ఒకరోజు సరిగ్గా ఆ షాపు ముందే టైరు కూర్చుంది. దిగాను. అతను నన్ను చూశాడు, లేచాడు, చక్రం విప్పాడు. ట్యూబు నీళ్ల తొట్టిలో ముంచి బుడగ వచ్చే చోటు వెతికాడు. నేను పక్కనే నిలబడి చూశాను. అతికించి, గాలి కొట్టి, బిగించాడు. ఎంత అన్నాను. “ఐదు రూపాయలు సారూ.” ఇచ్చాను. తీసుకున్నాడు.

ఊళ్లో కూరగాయల ముసలమ్మ దగ్గర్నుంచి టైలరు దాకా నా దగ్గర డబ్బులు తీసుకోమంటే మొహమాటపడేవాళ్లు. అతను ఒక్కసారి కూడా వద్దనలేదు, ఒక్క రూపాయి ఎక్కువ అడగలేదు. ఊరు వదిలేదాకా నా బండికి గాలి అక్కడే కొట్టించుకున్నాను.