అత్తవారి వంశవృక్షం: నెల రోజుల సబ్‌స్క్రిప్షన్‌తో అయిపోతుందా?

"మా ఆయన ఇంగ్లీషాయన. పిల్లల కోసం ఆయన తరఫు పూర్వీకుల వివరాలు పోగు చేద్దామనుకుంటున్నాను. చర్చి రిజిస్టర్లు, జనాభా లెక్కలు అన్నీ ఆన్‌లైన్‌లో ఉంటాయట కదా, డబ్బు కట్టే సైట్లో ఒక నెల తీసుకుంటే సరిపోతుందా?" అని ఒకావిడ అడిగారు.

సరిపోదండీ. నేను ఉండేది ఇంగ్లండ్‌లోని లెస్టర్‌షైర్‌లో, హింక్లీకి దగ్గర్లో. మా ఆయన వాళ్లదీ ఈ చుట్టుపక్కలే. ఆరేళ్లుగా తీరిక దొరికినప్పుడల్లా ఇదే పని మీద ఉన్నాను. నెల రోజుల్లో మీకు దొరికేది వేరేవాళ్లు కట్టిపెట్టిన వంశవృక్షం, అంటే వాళ్ల చెట్టు. పేరు కొట్టగానే "మీ ముత్తాత ఇంకో ముగ్గురి వంశవృక్షంలో ఉన్నారు" అని సూచనలు వస్తాయి, ఒక్క నొక్కుతో పది తరాలు మీ పేజీలోకి వచ్చిపడతాయి, రెండు గంటల్లో ఏదో ఒక రాజుగారి దాకా వెళ్లిపోతారు. వాటిని ముట్టుకోవద్దు. ఒకళ్లు తప్పు చేస్తే దాన్ని నలభై మంది ఎక్కించుకుంటారు, నలభై చోట్ల ఉంది కాబట్టి నిజమే అనుకుని నలభై ఒకటో మనిషి కూడా ఎక్కించుకుంటాడు. అసలు పేజీ ఫొటో తెరిచి, ఆ చేతిరాత మీరు చదివితేనే అది మీ ఇంటి సంగతి. నేనింత గట్టిగా ఎందుకు చెప్తున్నానో మా అత్తయ్య, అంటే మా ఆయన వాళ్లమ్మ విషయంలో జరిగింది వింటే తెలుస్తుంది.

అత్తయ్యకి ఎనభై దాటాయి. వాళ్ల నాయనమ్మకి ఆరుగురు పిల్లలని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగారు. ఆరుగురి పేర్లూ వరసగా చెప్తారు కూడా. ఒకరోజు మధ్యాహ్నం ఆవిడ పక్కన కూర్చుని 1911 ఏప్రిల్ 2 నాటి జనాభా లెక్క తెరిచాను. అంతకుముందు లెక్కల్లో మనకు మిగిలింది ఎన్యూమరేటర్, అంటే లెక్క తీసే మనిషి, తన పుస్తకంలోకి ఎక్కించిన నకలే, 1911లో మాత్రం ఇంటి యజమాని సొంత చేత్తో నింపిన కాగితమే ఉంది. అంటే అది అత్తయ్య వాళ్ల తాతగారి దస్తూరి, ఆవిడ దాన్ని మొదటిసారి చూడటం. అందులో పెళ్లయిన ఆడవాళ్ల గురించి ఒక ప్రశ్న ఉంటుంది: పెళ్లయి ఎన్నేళ్లు, ప్రాణంతో పుట్టిన పిల్లలు ఎంతమంది, ఉన్నవాళ్లు ఎంతమంది, పోయినవాళ్లు ఎంతమంది. ఆయన రాసింది 22, 9, 6, 3. అత్తయ్య ఆ తొమ్మిదిని చూసి "ఇది తప్పు రాశాడేమో" అన్నారు.

తప్పు కాదు. ఇక్కడ జననమరణాలు నమోదు చేసే ప్రభుత్వ కార్యాలయం, జనరల్ రిజిస్టర్ ఆఫీస్ వెబ్‌సైట్‌లో ఖాతా తెరిస్తే 1837 నుంచి జననాల సూచీ ఉచితంగా చూడొచ్చు, అందులో బిడ్డ పేరు పక్కన తల్లి పుట్టింటి ఇంటిపేరు కూడా ఉంటుంది. ఒక సంవత్సరం ఇస్తే దానికి అటు రెండేళ్లు ఇటు రెండేళ్లు చూపిస్తుంది, ఆడపిల్లల్ని, మగపిల్లల్ని విడివిడిగా వెతకాలి. వాళ్ల పెళ్లి 1888 డిసెంబరు 25న అయింది. పండగ రోజు పెళ్లేమిటి అని నేను మొదట ఆశ్చర్యపోయాను కానీ, ఫ్యాక్టరీ కూలీలకు సెలవు దొరికేదే ఆ రోజు, అందుకే క్రిస్మస్ నాటి పెళ్లిళ్లు రిజిస్టర్లో పేజీలకు పేజీలు ఉంటాయి. అక్కడి నుంచి లెక్క మొదలుపెట్టి మరణాల సూచీతో సరిచూసుకుంటూ వెళ్తే ముగ్గురూ దొరికారు. 1898లో పుట్టి నాలుగు రోజులు బతికిన మగపిల్లాడు. 1901 ఎండాకాలంలో పుట్టి 1903లో తట్టు వచ్చి పోయిన ఇంకో మగపిల్లాడు. వీళ్లకంటే ముందు ఒక ఆడపిల్ల. జనాభా లెక్క పదేళ్లకోసారి, ఒక్క రాత్రి. 1891 ఏప్రిల్ తర్వాత పుట్టి 1901 మార్చి లోపల పోయిన బిడ్డ ఏ లెక్కలోనూ ఉండదు, ఆ ఇంట్లో అసలు పుట్టనట్టే ఉంటుంది.

ఆ ఆడపిల్ల దగ్గరే అసలు విషయం. 1891 చివర్లో పుట్టింది. ఆ పాప పేరూ, అత్తయ్య ఒళ్లో కూర్చుని పెరిగిన మేనత్త పేరూ ఒకటే. ఆన్‌లైన్‌లో ఉన్న చెట్లన్నింటిలో మేనత్తగారి పుట్టుక 1891 అనే ఉంది. మరి 1901 లెక్కలో ఆవిడ వయసు 6 అని, 1911లో 16 అని ఉంటే, "లెక్క తీసినవాడు తప్పు రాశాడు" అని ఒకరు రాసుకున్నారు, "వయసు దాచింది" అని ఇంకొకరు. రెండూ కాదు. 1939 సెప్టెంబరు 29న యుద్ధం మొదట్లో తీసిన రిజిస్టర్‌లో పుట్టిన తేదీ పూర్తిగా ఉంటుంది, అందులో ఆవిడది 1894 అక్టోబరు. అత్తయ్యకి గుర్తున్న పుట్టినరోజూ అదే. 1891లో పుట్టిన పాప 14 నెలలకే పోయింది, రెండేళ్ల తర్వాత పుట్టిన బిడ్డకి అదే పేరు పెట్టుకున్నారు. అప్పట్లో ఇక్కడ అది మామూలే. మన దగ్గర పిల్లలు దక్కకపోతే తర్వాత పుట్టినవాళ్లకు పెంటయ్య అనో పుల్లమ్మ అనో పేరు పెట్టి చావు దృష్టి పడకుండా చేసుకునేవాళ్లు, వీళ్లు పోయిన బిడ్డ పేరునే మళ్లీ పిలుచుకున్నారు.

ఆ పాప మరణ ధ్రువపత్రం తెప్పించాను, కొన్ని రోజులకు మెయిల్‌లో వచ్చింది. కారణం కోరింత దగ్గు. వృత్తి గడిలో, ఫలానా మేజోళ్ల ఫ్యాక్టరీ కూలీ కూతురు అని ఉంది. సమాచారం ఇచ్చినవారి గడిలో సంతకం లేదు, ఒక ఇంటూ గుర్తు, దాని పక్కన "తల్లి గుర్తు, మరణ సమయంలో దగ్గర ఉన్నది" అని రాసి ఉంది. అత్తయ్య తెర మీద ఆ గుర్తు దగ్గర వేలు పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయారు. తర్వాత "మా అత్తకి తెలుసంటావా, తన పేరు ముందు ఇంకొకరిదని?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు, ఏ రిజిస్టర్లోనూ అది ఉండదు. చెట్లు కాపీ కొట్టుకున్న వాళ్లందరూ ఆ బిడ్డని రెండోసారి చంపేశారని నాకు ఇప్పటికీ కోపం.

ఇక మీ పని ఎలా మొదలుపెట్టాలంటే, ఈ చివర నుంచి వెనక్కి వెళ్లాలి. 1921 లెక్క తెరిచి ఉంది, అందులో ఎవరి దగ్గర పని చేశారో కూడా ఉంటుంది. 1931ది 1942లో అగ్నిప్రమాదంలో కాలిపోయింది, 1941లో యుద్ధం వల్ల తీయనే లేదు, 1951ది చూడాలంటే 2052 దాకా ఆగాలి, కాబట్టి మధ్యలో 1939 రిజిస్టరే దిక్కు. 1851 దాకా వెనక్కి వెళ్తే పుట్టిన ఊరు దొరుకుతుంది, ఆ ఊరే మిమ్మల్ని సరైన చర్చి రిజిస్టర్‌కి తీసుకెళ్తుంది. 1841ని నమ్మి వయసు లెక్క కట్టొద్దు, పదిహేను దాటినవాళ్ల వయసు చాలావరకు ఐదేళ్లకొక మెట్టు చొప్పున కిందికి దించి రాశారు, 39 ఏళ్లాయన 35 అయిపోతాడు. పైగా ఎవరు ఎవరికి ఏమవుతారో ఉండదు.

పేరు దొరక్కపోతే పేరే వదిలేసి వెతకండి. మా ఆయన ఇంటిపేరు హెచ్‌తో మొదలవుతుంది, ఈ వైపు పాతకాలం వాళ్లు మాట మొదట్లో హ పలకరు, లెక్క తీసినాయన చెవికి వినపడింది రాసుకుపోయాడు. 1861లో ఆ కుటుంబం కోసం రెండు నెలలు వెతికి వెతికి, చివరికి ఇంటిపేరు గడి ఖాళీగా ఉంచి తండ్రి పేరు, వయసు, పుట్టిన ఊరు మాత్రం ఇస్తే ఒక్క నిమిషంలో వచ్చేశారు.

ఆ పేజీలో వృత్తి గడిలో "ఎఫ్.డబ్ల్యు.కె." అని ఉంది. ఆ ఇంట్లోనే కాదు, ఆ వీధి మొత్తం అదే. ఫ్రేమ్‌వర్క్ నిట్టర్ అన్నమాట, ఇంట్లోనే చట్రం పెట్టుకుని మేజోళ్లు అల్లేవాళ్లు. 1589లో విలియం లీ అనే ఆయన కనిపెట్టిన చట్రం అది. ఆ చట్రం వాళ్ల సొంతం కాదు, వ్యాపారి దగ్గర అద్దెకు తెచ్చుకునేది, పని ఉన్నా లేకపోయినా వారం వారం కూలీలోంచి అద్దె కోసుకునేవాళ్లు. మాది చీరాల. మా తాతయ్య మగ్గం మీదే బతికాడు, నూలిచ్చి నేయించుకునే మాస్టర్ వీవర్ దగ్గర బాకీ ఏనాడూ తీరలేదు. అంతవరకు అది నాకు అత్తవారి పని, ఆ పేజీ చూశాక నా పని కూడా అయింది.

మా చుట్టాలు ఫోన్ చేసినప్పుడల్లా "వాళ్ల తాతల గొడవ నీకెందుకే" అంటారు. 2016 కృష్ణా పుష్కరాలకి విజయవాడలో పంతులుగారు మూడు తరాల పేర్లు చెప్పమంటే నాన్న వాళ్ల నాయనమ్మ పేరు దగ్గర ఆగిపోయారు. చివరికి మా పెద్దత్తయ్యకి ఫోన్ చేసి కనుక్కున్నాం. గోత్రం అందరికీ నోటికి వస్తుంది, ముత్తవ్వ పేరు ఎవరికీ రాదు. మన జనాభా లెక్కల కాగితాలు ఎవరివి వాళ్లకు కూడా చూపించరు, చట్టం ఒప్పుకోదు. ఇక్కడ ఒక నిరుపేద కూలీ భార్య పెట్టిన ఇంటూ గుర్తు నూటముప్పై ఏళ్ల తర్వాత మనవరాలి ముందుకొచ్చింది. మనకు అది లేదే అని బాధ ఉండదా?

1837కి ముందు చర్చి రిజిస్టర్లే ఆధారం. 1538లో ఎనిమిదో హెన్రీ రాజుగారి మంత్రి థామస్ క్రామ్వెల్ ఆదేశంతో మొదలయ్యాయి, అన్ని ఊళ్లలో అంత పాతవి మిగల్లేదు. 1813 నుంచి బాప్టిజానికి అచ్చు ఫారాలు వచ్చాయి కాబట్టి తండ్రి వృత్తి, ఉండే చోటు దొరుకుతాయి. ఒక్క జాగ్రత్త: 1752కి ముందు ఇక్కడ కొత్త సంవత్సరం మార్చి 25న వచ్చేది, మన ఉగాది రోజుల్లో. 1730 మే నెలలో పెళ్లి, 1730 ఫిబ్రవరిలో బాప్టిజం అని కనపడితే కంగారుపడొద్దు, ఆ ఫిబ్రవరి పెళ్లి తర్వాత వచ్చిందే. బాప్టిజం అసలే దొరక్కపోతే వాళ్లు బాప్టిస్టులేమో చూడండి, వాళ్లు పసిపిల్లలకు ఇప్పించరు, కానీ 1754 నుంచి 1837 దాకా పెళ్లికి మాత్రం ఊరి చర్చికి రావాల్సిందే. ఇక్కడ మనిషి హఠాత్తుగా మాయమైతే మన వైపు కూడా చూడండి, మద్రాస్ ప్రెసిడెన్సీ చర్చిల నకళ్లు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి.

డబ్బు కట్టే ముందు మీ కౌంటీ లైబ్రరీలో అడగండి, చాలా చోట్ల అవే సైట్లు అక్కడి కంప్యూటర్లలో ఉచితం. అంతకంటే ముందు, మీ అత్తగారు ఉన్నారా? ఈ ఆదివారమే వెళ్లి పాత ఫొటోల డబ్బా కిందికి దించమనండి, ఫొటోల వెనక ఏం రాసుందో చూడండి, ఆవిడ చెప్పేది ఫోన్‌లో రికార్డు చేయండి. మీ ఆయన తాతగారు 1921లో ఏ ఊళ్లో ఉన్నారో తెలిశాక చెప్పండి, ఆ పేజీ నేను తీసి చూస్తాను.