చిమ్మెటలు ఎక్కడ పుడుతున్నాయో వెతుకు, తల్లీ

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. సాయంత్రం దీపం వేయగానే వంటింట్లో చిన్న రెక్కల పురుగులు తిరుగుతున్నాయనీ, రోజూ పది దాకా కొట్టి చంపినా మర్నాటికి మళ్లీ అన్నీ తయారవుతున్నాయనీ రాశావు. నేనూ పడ్డాను ఆ బాధ. అందుకే చెబుతున్నాను, ఎగిరేవాటి వెంట పడకు. ఎగిరే చిమ్మెట నీ సరుకులను తినదు. రెక్కలొచ్చాక అది బతికేదే ఒకటి రెండు వారాలు. ఆ లోపే జతకట్టి, వందల గుడ్లు పెట్టి పోతుంది. తినేదంతా దాని పిల్లపురుగు. అది ఏ డబ్బాలో కూర్చుని తింటోందో కనిపెట్టనంత కాలం నువ్వెన్ని చంపినా పుట్టేవి పుడుతూనే ఉంటాయి.

మొదట ఒకదాన్ని గాజుగ్లాసు కింద బంధించి నిదానంగా చూడు. రెక్కల మొదలు లేత బూడిదరంగులో, చివరి భాగం రాగిరంగులో ఉంటే అది గింజలను, పిండిని పట్టే చిమ్మెట. ఒళ్లంతా లేత బంగారురంగులో మెరుస్తూ, వెలుతురు పడగానే చీకటి మూలకు పరుగెత్తేది బట్టల చిమ్మెట. స్నానాలగది గోడ మీద బొచ్చురెక్కలు పరుచుకుని కూర్చునేవి అసలు చిమ్మెటలే కావు, మురుగుగొట్టంలో పుట్టే ఈగలు. గొట్టం లోపల పేరుకున్న జిగురును బ్రష్షుతో తోమి తీసేస్తే వాటి సంగతి తీరిపోతుంది. నువ్వు రాసినదాన్ని బట్టి నీకు పట్టుకున్నది మొదటి రకం.

ఇక వెతకడం. ఒక పగలంతా దీనికే కేటాయించుకో. అలమరలో ఉన్న ప్రతి డబ్బా, ప్రతి పొట్లం బయట పెట్టు. మూత తీయగానే లోపలికి చూసి ఊరుకోకు. ఒక పళ్లెంలో కొద్దిగా పోసి, వెలుతురులోకి తెచ్చి చూడు. గింజలు నాలుగైదు ఒకదానికొకటి అతుక్కుని సన్నని దారానికి వేలాడుతున్నాయంటే పురుగు పట్టినట్టే. పిండి అయితే డబ్బా గోడకు బూజులాంటి పొర కనిపిస్తుంది. మరచెంబు మూతలా తిరిగే మూతలున్న సీసాల దగ్గర మరింత జాగ్రత్త. బయటికి శుభ్రంగానే ఉంటుంది, మూత తిప్పి దాని లోపలి మరల మధ్య చూస్తే తెల్లని చిన్న గూడు అంటుకుని ఉంటుంది. గోధుమరంగు తలతో, మీగడరంగు ఒంటితో, సెంటీమీటరు పొడవున్న పురుగు అందులో ముడుచుకుని ఉండటం నేను చూశాను. సీలు తీయని పొట్లాలను కూడా నమ్మకు. పలచని ప్లాస్టిక్కును, అట్టపెట్టెను ఆ పురుగు కొరికి దూరగలదు.

మా ఇంట్లో ఒకసారి నెలరోజులు ఇదే అవస్థ. డబ్బాలన్నీ కడిగాను, పిండి పారబోశాను, అయినా తగ్గలేదు. చివరికి దొరికింది ఎక్కడో తెలుసా? తోటలో చల్లుదామని దాచి, అలమర నెత్తిన పెట్టి మరచిపోయిన పొద్దుతిరుగుడు గింజల సంచిలో. విప్పితే పైన గింజలే కనిపించలేదు, తెల్లని దూదిలాంటి పొర కప్పేసి ఉంది. వేలితో పొర చీలిస్తే కింద పురుగులు కదిలాయి. కనుక తిండి సరుకులతో ఆపకు. విత్తనాలు, ఎండుపూలు, పెంపుడు జంతువుల మేత, ఏళ్లుగా ముట్టని మసాలా పొట్లాలు, అన్నీ చూడు.

పురుగు పట్టినదాన్ని జల్లించి వాడుకుందామని ఆశపడకు. గుడ్లు జల్లెడకు చిక్కవు. సంచిలో కట్టి అదే రోజు ఇంటి బయటికి పంపేయి. అనుమానంగా మాత్రమే ఉన్నవాటిని మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్లో ఒక వారం ఉంచు, గుడ్లతో సహా చస్తాయి.

ఖాళీ అలమరను వాక్యూమ్ క్లీనరుతో పీల్చు. అరల సందులు, మేకుల రంధ్రాలు, పరిచిన కాగితం కింద, ఏదీ వదలకు. ఆ చెత్తసంచిని వెంటనే బయట పారేయి. తరువాత సబ్బునీళ్లతో తుడిచి, బాగా ఆరాకే సరుకులు సర్దు. ఒక్కసారి తలెత్తి పైకప్పు మూలలు కూడా చూడు. బాగా ఎదిగిన పురుగు గూడు కట్టుకోవడానికి తిండిని వదిలి గోడ పాకి అక్కడిదాకా పోతుంది. చాలామంది మరచిపోయేది ఈ మూలలనే.

సరుకుల అలమరలో పురుగుమందు మాత్రం కొట్టకు. గింజల మధ్యనున్న పురుగుకు అది చేరదు, తినేవాళ్లకు చేరుతుంది. వాసనతో ఆకర్షించే జిగురు అట్టలు దొరుకుతాయి, ఒకటి పెట్టుకో. అయితే వాటికి చిక్కేవి మగవి మాత్రమే. ఇంట్లో ఇంకా ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి అవి మంచి సాధనం, అంతవరకే. బిరియానీ ఆకు, లవంగాలు వేస్తే పారిపోతాయంటారు. పురుగు పట్టిన డబ్బాను అవి బాగుచేయగా నేను చూడలేదు.

బట్టల గురించీ అడిగావు. ఉన్ని, పట్టు, ఈకలు, బొచ్చు, ఇవీ బట్టల చిమ్మెట పిల్లపురుగుకు ఆహారం. నూలుబట్టల జోలికి అంతగా రాదు కానీ, చెమట, తిండి మరకలు ఉంటే వాటినీ కొరుకుతుంది. అందుకే ఒక్కసారి తొడిగిన శాలువానైనా శుభ్రం చేయకుండా దాచకు. నాఫ్తలీన్ ఉండలు తెరిచిన అలమరలో పడేస్తే లాభం లేదు, వాటి ఆవిరి నిండుగా కమ్ముకునేలా గట్టిగా మూసిన పెట్టెలోనే పనిచేస్తాయి. ఆ ఆవిరి మనకూ మంచిది కాదు. పసిబిడ్డ ఉన్న ఇల్లు నీది, వాటిని తేనే వద్దు.

ఇంత చేశాక కూడా కొన్నాళ్లు ఒకటీ అరా ఎగురుతాయి. గూళ్లలో మిగిలినవి బయటికి వస్తున్నాయన్నమాట, బెంగపడకు. గుడ్డు నుంచి రెక్కల దాకా వెచ్చని వాతావరణంలో సుమారు నెల, చల్లగా ఉంటే ఇంకా ఎక్కువ పడుతుంది. రెండు నెలలు ఓపిక పట్టు. ఆ తరువాత కూడా అట్టకు కొత్తవి అంటుకుంటుంటే ఏదో ఒక సంచి మన కంట పడలేదని అర్థం. అప్పుడు నాకు ఫోను చేయి, నేనే వచ్చి నీతో కలిసి వెతుకుతాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ