తుపాను కబురు అందగానే పెరటి కోళ్లకు ఏం చేయాలి?

ప్రశ్న: మాది కోనసీమలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. మా ఇంట్లో పన్నెండు నాటుకోళ్లు ఉన్నాయి. పిల్లలు పేర్లు పెట్టి పెంచుకుంటున్నారు కాబట్టి వాటిని అమ్మం, కోయం. 2025 అక్టోబరులో మొంథా తుపాను వచ్చిన రాత్రి గూటి మీది రేకు లేచిపోయి, తెల్లవారేసరికి రెండు పెట్టలు చనిపోయి కనిపించాయి. ఒంటి మీద దెబ్బలేమీ లేవు. మళ్లీ అలా జరగకుండా ముందుగా ఏయే జాగ్రత్తలు తీసుకోవాలో తెలపగలరు. – ఒక గృహిణి, అమలాపురం ప్రాంతం

జవాబు: అమ్మా, మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఆ పెట్టల ప్రాణం తీసింది తడి. బాతు ఈకలు నీటిని ఆపినట్టు కోడి ఈకలు ఆపలేవు. గాలివానలో కొంతసేపు నిలబడితే చర్మం దాకా నానిపోతాయి. మామూలుగా 41 డిగ్రీల దగ్గర ఉండే ఒంటి వేడి, ఆ తడికి ఈదురుగాలి కూడా తోడైతే త్వరగా పడిపోతుంది. అందుచేత గూటికి ఇంకో రేకు, ఇంకో తాడు కట్టి ధైర్యంగా ఉండటం కంటే, గాలి మొదలయ్యే ముందే కోళ్లను గట్టి కప్పు కిందికి చేర్చడం మీదనే దృష్టి పెట్టండి. డాబా ఇల్లయితే మెట్ల కింది చోటు, స్నానాలగది, సామాను గది, ఏదైనా సరే. తాటాకు పాకలో మాత్రం ఉంచవద్దు.

తీరం దాటే రోజు సాయంత్రం దాకా ఆగకుండా అంతకు ముందురోజే పొద్దు గుంకగానే ఈ పని ముగించాలి. చీకట్లో కోడికి చూపు సరిగా ఆనదు. గూట్లో కునుకుతున్నదాన్ని రెండు చేతులతో రెక్కలు అదిమి పట్టుకుంటే చప్పుడు చేయకుండా వస్తుంది. అదే పగటిపూట హోరుగాలిలో తరిమితే సగం చెట్లెక్కుతాయి, సగం పొరుగింటి కొట్టం వైపు పోతాయి. కాళ్లు కట్టి తలకిందులుగా మోసుకెళ్లే అలవాటు మానుకోవాలి. కోడికి మనలాగా ఉదరవితానం (ఛాతీని, పొట్టను వేరుచేసే కండర పొర) లేదు కాబట్టి తలకిందులైనప్పుడు పేగుల బరువంతా గాలితిత్తుల మీద పడి ఊపిరాడదు. టమాటాలు తెచ్చే ప్లాస్టిక్ ట్రేలపై వల కడితే నాలుగేసి కోళ్లను సులువుగా తరలించవచ్చు. అట్టపెట్టెలు మాత్రం తడి తగిలితే అడుగు ఊడిపోతాయి. రెండు పుంజులుంటే మధ్యలో తప్పనిసరిగా అడ్డు పెట్టండి, ఇరుకు గదిలో అవి రక్తాలు కారేలా పొడుచుకుంటాయి. పొదుగుతున్న పెట్ట ఉంటే దాన్ని, గుడ్లను గంపతో సహా రాత్రిపూట చీకటి మూలకు చేర్చండి. గుడ్లు కాసేపు చల్లబడినంత మాత్రాన పాడైపోవు.

గది నేల మీద రెండు మూడు అంగుళాల మందాన ఊక పరచి, కోళ్లు ఎక్కి కూర్చోవడానికి మోకాలెత్తున ఒక కర్ర అడ్డంగా బిగించండి. గాలి కొట్టని వైపు కిటికీ కొద్దిగా తెరిచి ఉంచాలి, లేకపోతే రెట్ట ఘాటుకు కళ్లు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. కోళ్లు చలికి వణుకుతున్నాయని మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టడం చాలా ప్రమాదకరం. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాటినే కాక మనుషులనూ చంపుతుంది. తడిసిన కోడిని పాతబట్టతో తుడిచి, వేడినీళ్లు నింపిన సీసాను గుడ్డలో చుట్టి పక్కన పెడితే సరిపోతుంది.

పన్నెండు కోళ్లకు రోజుకు సుమారు మూడు లీటర్ల నీళ్లు, కిలోన్నర లోపు మేత పడుతుంది. ఒక 20 లీటర్ల క్యాను, మూత గట్టిగా పడే డబ్బాలో పది కిలోల నూకలు, జొన్నలు ఉంటే దాదాపు వారం గడుస్తుంది. గోనెసంచిలో నిల్వ చేయవద్దు. తడిసి బూజు పట్టిన గింజలో చేరే విషం ఎండబెట్టినా పోదు కాబట్టి అలాంటి మేతను మొహమాటం లేకుండా పారేయాలి.

చాలామంది పొరబడే విషయం ఒకటుంది. తుపాను కన్ను, అంటే దాని నడిమి భాగం, మన మీదుగా పోయేటప్పుడు గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ సమయంలో విశాఖ వాసులు దీన్ని కళ్లారా చూశారు. గండం గడిచిందనుకుని కోళ్లను బయటికి వదిలితే, కొంతసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడుతుంది. తుపాను దాటిందని అధికారులు ప్రకటించేదాకా తలుపు తీయకండి.

ఊరు ఖాళీ చేయమని చెబితే ముందు మనుషులు కదలాలి, ఇందులో రెండో మాట లేదు. పునరావాస కేంద్రంలో జనం కిక్కిరిసి ఉంటారు కాబట్టి కోళ్లకు చోటు దొరుకుతుందని నమ్ముకోకుండా, మెరక ప్రాంతంలోని బంధువుల ఇంటిని ముందే మాట్లాడుకోండి. తీసుకెళ్లడం కుదరకపోతే గూట్లో పెట్టి తాళం వేయవద్దు. మేడ మీది గదిలోనో అటక మీదనో నీళ్లు, గింజలు పెట్టి వదిలేస్తే బతికే అవకాశం ఉంటుంది. గూట్లో బందీ అయిన కోడికి వరదనీటిలో ఆ అవకాశం కూడా ఉండదు.

ఇవన్నీ తుపాను ముందు రెండు రోజుల పనులు. కొక్కెర తెగులు (కోళ్లకు సోకే రాణిఖేత్ అనే అంటువ్యాధి) టీకా మాత్రం సెప్టెంబరులోనే వేయించాలి. నానిన, బెదిరిన కోళ్లలో ఆ తెగులు దావానలంలా వ్యాపిస్తుంది, టీకా వేశాక రక్షణ ఏర్పడటానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. మందు సీసా తెరిచాక కొద్ది గంటల్లోనే వాడేయాలి కాబట్టి వీధిలోని వాళ్లంతా కలిసి ఒకేరోజు వేయించుకోవడం మేలు.

వాన వెలిశాక పెరడంతా మీరు ముందుగా తిరిగి చూడండి. మేకులు, గాజుపెంకులు, తీగముక్కలు కోడి కంటపడితే మింగేస్తుంది. గూట్లో చేయి పెట్టే ముందు కర్రతో కదిలించండి, వరదకు పాములు అక్కడికే చేరతాయి. ఉప్పెన నీరు నిలిచిన గుంటల్లో నీళ్లు తాగనివ్వకండి, ఉప్పు కోళ్లకు విషం. చచ్చిన చేపల మీది పురుగులు ఏరుకుతింటే మెడ వాలిపోయే జబ్బు వస్తుంది. కొన్ని వారాలు గుడ్లు పెట్టకపోయినా కంగారుపడనక్కరలేదు, బెదురు తీరాక మళ్లీ పెడతాయి.

ప్రశ్న: తుపానులో చనిపోయిన కోళ్లకు ప్రభుత్వ సాయం ఉంటుందా? వాటిని ఏం చేయాలి? – ఒక సన్నకారు రైతు, బాపట్ల జిల్లా

జవాబు: ఉంటుంది. కేంద్రం 2022లో ప్రకటించిన విపత్తు సహాయ నియమాల ప్రకారం చిన్న, సన్నకారు రైతులకు కోడికి 100 రూపాయలు, కుటుంబానికి 10,000 రూపాయలు మించకుండా ఇవ్వాలని నిర్ణయించారు. నష్టాన్ని అధికారి ధ్రువీకరించాలి కాబట్టి పాతిపెట్టే ముందే ఫొటోలు తీసి, పశువైద్య సిబ్బందికి తెలియజేయండి. చనిపోయిన కోడిని వండుకోవద్దు, కాలువలో పడేయవద్దు. చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని, బావికి దూరంగా లోతైన గోతిలో సున్నం చల్లి పూడ్చండి. తుపాను గడిచాక కూడా ఒకదాని వెంట ఒకటి చనిపోతుంటే ముట్టుకోకుండా వెంటనే పశువైద్య సహాయ నంబరు 1962కు ఫోన్ చేయండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది కాబట్టి ఈ విషయంలో ఆలస్యం తగదు.