చీట్లా, జనాభా లెక్కా? రెండూనండీ

"బైబిల్లో సంఖ్యాకాండం 26లో ఇశ్రాయేలీయుల్లో పెద్ద గోత్రానికి ఎక్కువ భూమి ఇవ్వమన్నారు, వెంటనే చీట్లు వేసి పంచమన్నారు. సండే స్కూల్ పిల్లలకి ఏం చెప్పను?" అని అడిగారు కదండీ. నేనూ ఇక్కడ చాన్నాళ్లు తికమకపడ్డాను.

చీటీ తేల్చేది "ఎక్కడ" అన్నది. "ఎంత" అన్నది తలల లెక్క తేలుస్తుంది. చాలామంది వ్యాఖ్యాతలు ఇలాగే చదువుతారు.

అసలు కనాను దేశంలోకి వెళ్లబోయే ముందు, మోయాబు మైదానాల్లో మళ్లీ లెక్క ఎందుకు తీశారో చూడండి. 20 ఏళ్లు దాటి, యుద్ధానికి పనికొచ్చే మగవాళ్లు మొదటి లెక్కలో, సీనాయి దగ్గర 6,03,550 మంది, ఇప్పుడు 6,01,730. పైకి పెద్ద తేడా లేదు. లోపల మాత్రం అంతా తారుమారు. షిమ్యోను గోత్రం 59,300 నుంచి 22,200కి పడిపోయింది, మనష్షే 32,200 నుంచి 52,700కి పెరిగింది. పాత లెక్కతో పంచి ఉంటే గొడవలే! (లేవీయులకి స్వాస్థ్యం, అంటే వంతుగా వచ్చే భూమి, లేదు, వాళ్లని విడిగా లెక్కపెట్టారు.)

రుజువు కావాలంటే యెహోషువ గ్రంథం 19:9 తీయండి. యూదాకి వచ్చిన భాగం వాళ్ల అవసరానికి మించి ఉందని, అందులోంచే షిమ్యోనుకి ఇచ్చారు. అంటే చీటీ పడ్డాక కూడా విస్తీర్ణం సర్దారన్నమాట. 18వ అధ్యాయంలో ఇంకో సంగతి: మిగిలిన ఏడు గోత్రాలకి ముందు మనుషుల్ని పంపి, దేశాన్ని ఏడు వంతులుగా రాయించుకొచ్చాకే షిలోహులో చీట్లు వేశారు. అంతకుముందు 17వ అధ్యాయంలో యోసేపు సంతతి (ఎఫ్రాయిము, మనష్షే గోత్రాలు) మాత్రం "ఇంత జనానికి ఒక్క భాగమేనా" అని పేచీ పెట్టింది. అడవి నరుక్కోండి అన్నాడు వాళ్ల నాయకుడు యెహోషువ. పిల్లలకి ఆ ఘట్టం భలే నచ్చుతుంది, అక్కడినుంచే మొదలుపెట్టండి.