మాటలే పాటైన 'సన్‌స్క్రీన్': పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్ర: "సన్‌స్క్రీన్ రాసుకోండి" అంటూ ఒకాయన సలహాలు చెప్పుకుపోయే ఇంగ్లీషు ట్రాక్‌ని మా కాలేజీ వీడ్కోలు సభలో వేశారు. అది రచయిత కర్ట్ వానెగట్ ఎం.ఐ.టి.లో చేసిన ప్రసంగమేనా? (విశాఖపట్నం)

జ: గొంతూ ఆయనది కాదు, మాటలూ ఆయనవి కావు. 1997 జూన్ 1న షికాగో ట్రిబ్యూన్‌లో మేరీ ష్మిక్ రాసిన కాలమ్ అది. పట్టా పుచ్చుకుంటున్న పిల్లలకు తానైతే ఏం చెబుతానో ఊహించి రాశారు. ఆ వేసవిలోనే ఎవరో దానికి వానెగట్ పేరు తగిలించి ఈ-మెయిల్లో వదిలారు. ఆ ఏడాది ఎం.ఐ.టి. స్నాతకోత్సవంలో మాట్లాడింది అప్పటి ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్. ట్రాక్‌లో వినిపించే గొంతు లీ పెర్రీ అనే ఆస్ట్రేలియా వాయిస్ ఆర్టిస్టుది.

ప్ర: సినిమా దర్శకుడు బాజ్ లుర్‌మన్ ఆల్బమ్‌లోకి ఈ కాలమ్ ఎలా వచ్చింది? (హనుమకొండ)

జ: బాజ్ లుర్‌మన్ తన సినిమాలు, రంగస్థల ప్రదర్శనల పాటల్ని కొత్తగా చేయించి 'సమ్‌థింగ్ ఫర్ ఎవ్రీబడీ' అనే సంకలనం తెచ్చారు. 1991లో గాయని రొజాలా పాడిన 'ఎవ్రీబడీస్ ఫ్రీ' అనే డాన్స్ పాట ఒకటుంది. దాన్నే 'రోమియో + జూలియెట్' (1996) కోసం క్విండన్ టార్వర్ అనే కుర్రాడు బృందగానంతో పాడాడు. దాని రీమిక్స్ చేస్తుండగా ఆ ఈ-మెయిల్ లుర్‌మన్ బృందం చేతికొచ్చింది. వానెగట్ అనుమతి దొరుకుతుందా అని ఆరా తీస్తే అసలు రచయిత్రి తేలారు. ఆమె ఒప్పుకున్నాకే ఆ మాటల్ని ఈ రీమిక్స్ మీద చదివించి రికార్డు చేశారు.

తర్వాతి పని రేడియోది. నిడివి ఏడు నిమిషాలు, మధ్యలో పల్లవి మళ్లీ మళ్లీ. అమెరికాలో పల్లవులు కత్తిరించి ప్రసారం చేయగానే శ్రోతలు అడగడం మొదలుపెట్టారు. 1999 జూన్‌లో బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. అమెరికాలో పాటల ర్యాంకుల జాబితా 'హాట్ 100'లో 45 దాటి పైకి పోలేదు.

ప్ర: మా బ్యాచ్ వీడ్కోలుకు తెలుగులో ఇలాంటిదే చేద్దామనుకుంటున్నాం. ఒకసారి చేసి చూస్తే మాటలు సంగీతంలో మునిగిపోయాయి. (తిరుపతి)

జ: ముందు రాత తగ్గించండి. ఐదు నిమిషాలకు 350 మాటలు చాలు, తెలుగు మాటలు పొడుగు. ప్రతి సలహా విడిగా నిలబడాలి. కారణం చెబుతూ పోతే ఉపన్యాసమైపోతుంది. మూడు నాలుగు సలహాలకోసారి చిన్న విరామం ఇవ్వండి.

గదిలో దుప్పట్లు వేలాడదీసి, మైక్ నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు తిప్పి పెట్టండి. భ, ఫ, ఘ అన్నప్పుడు గాలి సూటిగా తగలకుండా ఉంటుంది. రికార్డింగ్ లెవెల్ మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఆడాలి. తర్వాత 80 హెర్ట్జ్ కింది శబ్దాల్ని కోసేసి, కంప్రెషన్ (గొంతు హెచ్చుతగ్గుల్ని సర్దేది) 3:1 ఇవ్వండి.

మీ అసలు చిక్కు బహుశా క్రియ దగ్గర ఉంది. తెలుగులో అది వాక్యం చివర వస్తుంది, చదివేవారి గొంతు సరిగ్గా అక్కడే దిగుతుంది. "...వదులుకోకండి" అన్నది వినబడకపోతే సలహా తలకిందులవుతుంది! మొత్తం గొంతు పెంచితే లాభం లేదు. వాక్యాల చివరి మాటల్ని మాత్రం విడదీసి 2-3 డెసిబెల్స్ లేపండి.

సంగీతాన్ని గొంతుకంటే 12-15 డెసిబెల్స్ కింద ఉంచి, అందులో 2-4 కిలోహెర్ట్జ్ ప్రాంతాన్ని కొద్దిగా తగ్గించండి. హల్లులు తేటగా వినిపించేది అక్కడే. డకింగ్ (మాట రాగానే సంగీతం దానంతటదే తగ్గే ఏర్పాటు) వాడితే, మాట ఆగాక సంగీతం మళ్లీ పైకి రావడానికి పట్టే సమయం, అంటే రిలీజ్, 500 మిల్లీసెకన్లకు తగ్గనివ్వకండి. తక్కువైతే ప్రతి మాట సందులోనూ సంగీతం ఎగసి పడుతుంది. ముఖ్యంగా, మాట నడుస్తుండగా సాహిత్యం ఉన్న గానం వద్దు. ఘంటసాల భగవద్గీత గుర్తుచేసుకోండి: శ్లోకం పాడాకే తాత్పర్యం, రెండూ ఒకదానిమీద ఒకటి పడవు.

ప్ర: హక్కులు ఎవరెవరి దగ్గర తీసుకోవాలి? (ఖమ్మం)

జ: మాటలకు ఒకటి, బాణీకి ఒకటి, రికార్డింగ్‌కు ఒకటి. బాణీని మీరే వాయించుకుంటే మూడోది అక్కర్లేదు, రెండోది తప్పదు. సినిమా పాట ముక్క వేసి యూట్యూబ్‌లో పెడితే ఆడియో కంపెనీ క్లెయిమ్ రావచ్చు. మన చట్టంలో రచయిత మరణించాక 60 ఏళ్లు హక్కులుంటాయి. 1915లో పోయిన గురజాడ గేయాలు స్వేచ్ఛగా వాడుకోవచ్చు, 1983లో పోయిన శ్రీశ్రీవి 2043 చివరిదాకా కుదరవు. ఫార్వర్డ్‌లో వచ్చిందని, పాతదని వదిలేయకండి. 1971లో లెస్ క్రేన్ చదివి హిట్ చేసిన 'డెసిడరాటా' అనామకుల ప్రాచీన రచన అనే అందరూ అనుకున్నారు. అది 1927లో మాక్స్ ఎర్మన్ రాసిన కవిత. హక్కుదారులు తేలాక రాయల్టీ కట్టక తప్పలేదు.

ప్ర: మా సీడీలో 'క్లాస్ ఆఫ్ 99' అని ఉంది. కాలమ్ 1997 నాటిది కదా, నకిలీదా? (గుంటూరు)

జ: కాదు. 1999లో సింగిల్‌గా తెచ్చినప్పుడు ఏడాది మార్చారు.